మంద దాకా, దోస్తుతో

నా దోస్తు పోయిందన్న కబురు నాకు రాజస్థాన్‌లో, రోడ్డు పక్క పెట్రోల్ బంకులో అందింది. పెట్రోలు పోయించుకుని హెల్మెట్ అద్దం తుడుచుకుంటుంటే ఫోన్ మోగింది. తెర మీద దోస్తు నంబరే. రోజూ ఆ వేళకు ఆమే చేసేది, "యాడిదాంక పోయినవే?" అని. అందుకే ఎత్తగానే, "ఇయ్యాల ఒంటెల మందను సూసిన, మీ నాయినకు చెప్పు" అన్నాను.

అటు నుంచి వాళ్లమ్మ గొంతు వినిపించింది. "బిడ్డా, నీ దోస్తు లేదు."

తర్వాత ఆమె చెప్పినవి ముక్కలు ముక్కలుగా గుర్తున్నాయి. జ్వరం వచ్చింది. పొద్దున ఆసుపత్రికి తీసుకుపోయారు. డయాలసిస్ మిషన్ మీద ఉండగానే గుండె ఆగింది. "పొద్దు గూకకముందే మట్టి చెయ్యాలంటున్నరు. నువ్వు గంత దూరమున్నవు, ఎట్లొస్తవు? ఆగమాగం రాకు బిడ్డా. బండి నిమ్మళంగ నడుపు."

కూతురిని అప్పుడే పోగొట్టుకున్న మనిషి నన్ను బండి నిమ్మళంగా నడపమని చెప్పింది. వెనక లారీ హారన్ కొడుతోంది. బంకులో మనిషి జరగమని చెయ్యి ఊపాడు. నేను బండిని తోసుకుంటూ పోయి గోడ పక్కన నిలబెట్టాను. ఆ రోజు నేను చేయగలిగిన పని అదొక్కటే.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. మేం ఒకరినొకరం పేరుతో పిలుచుకున్నది తక్కువ. వికారాబాద్‌లో ఆడపిల్లల హాస్టల్‌లో చేరిన మొదటి వారంలోనే నన్ను "ఓ దోస్తూ, జర జరుగు" అని పక్కకు నెట్టి నా చాప మీద పడుకుంది. ఆ పిలుపే మిగిలిపోయింది.

నాది మోమిన్‌పేట్ దిక్కు పల్లె. ఆమెది ధారూర్ దిక్కు. మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటిదాన్ని నేను. వాళ్లింట్లో ఆమె. అందుకే ఇద్దరికీ ఇంటి దగ్గర పాఠం చెప్పేవాళ్లు లేరు. తెలియనిది ఒకరినొకరం అడిగేవాళ్లం. ఇద్దరికీ తెలియకపోతే ఆమె నవ్వేది, నేను ఏడ్చేదాన్ని.

వాళ్ల నాన్న గొర్రెల కాపరి. ఆ ఇంటి అలవాట్లు ఆమె హాస్టల్‌కు తెచ్చుకుంది. పొద్దున మమ్మల్ని లేపడానికి నాలుక అంగిట్లో కొట్టి ఒక చప్పుడు చేసేది. అది గొర్రెలను లేపే చప్పుడు. "మేం గొర్రెలమా?" అని అందరం తిట్టేవాళ్లం. "గొర్రెలైతె ఒక్క పిలుపుకే లేస్తయి" అనేది. ఇంకో అలవాటు, ఎక్కడికి పోయినా అందరికంటే చివర నడవడం. సినిమాకు పోయినా, అనంతగిరి అడవిలోకి పోయినా అంతే. ముందుకు రమ్మంటే, "నేను ముంగట నడిస్తే ఎవరు తప్పిపోయిర్రో ఎట్ల తెలుస్తది?" అనేది. ఎవరి చెప్పు తెగినా, ఎవరికి కళ్లు తిరిగినా మొదట ఆమెకే తెలిసేది.

బండి నడపడం కూడా ఆమే నేర్పింది. డిగ్రీలో ఉన్నప్పుడు సెలవులకు వాళ్ల ఊరికి పోయాను. వాళ్ల చిన్నాన్న పాల క్యాన్లు మోసే పాత బండిని అడిగి తెచ్చి, ధారూర్ రైల్వే స్టేషన్ దారిలో నన్ను ఎక్కించింది. నేను ముందు చక్రం వైపే చూస్తూ రెండుసార్లు తుమ్మ కంపలో పడ్డాను. ఆమె నన్ను లేపకుండా ముందు బండిని లేపింది. "కింద సూడకే. నువ్వు యాడ సూస్తే బండి గాడికే పోతది" అంది. మోకాలికి పసుపు అద్దుతూ, "ఉద్యోగాలొచ్చినంక దేశమంత తిరుగుదాం. నీ బండి నీది, నా బండి నాది. నేనే ఎన్కుంట" అని చెప్పింది. మా నాన్న గొర్రెలతో కర్ణాటక దాకా నడిచి పోయివస్తాడు, నేను ఇంజనుతో పోలేనా అని ఆమె ధీమా.

నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికింది. ఆమెకు తాండూరులో, నాపరాళ్లకు పాలిష్ పెట్టే ఒక యూనిట్ ఆఫీసులో. ఊరంతా రాతి దుమ్మే. సాయంత్రం ఫోన్ చేసి, "మా ఊరి మీద పౌడర్ కొట్టిర్రే, నేను తెల్లగైన" అని నవ్వేది. ఒక ఏడాది కాళ్లు వాచాయి. ఎండకు నడిచినందుకేమో అనుకుంది. బీపీ ఉందన్నారు. తర్వాత కిడ్నీలు పనిచేయడం లేదన్నారు. అప్పటికి బండి కోసం షోరూంలో రంగు కూడా చూసి పెట్టుకుంది.

నేను ప్రయాణం మానుకుంటానన్నాను. ఆమెకు కోపం వచ్చింది. "ఇద్దరం ఇంట్ల కూసుంటె నా కిడ్నీ బాగైతదా? నువ్వు పో. నేను ఫోన్ల ఎన్క వస్త." అలా ఈ ఏడు కంది కోతలైపోయాక, సెలవు పెట్టి, పాత బండి ఒకటి కొనుక్కుని బయలుదేరాను. తాండూరు మీదుగా కర్ణాటకలోకి, అక్కడి నుంచి మహారాష్ట్ర, గుజరాత్, రాజస్థాన్, ఆ పైన హిమాచల్. మొదటి మజిలీ దోస్తు ఇల్లు.

ఆసుపత్రికి దగ్గరగా ఉంటుందని తాండూరులో ఒక గది కిరాయికి తీసుకుని తల్లీకూతుళ్లు అక్కడే ఉంటున్నారు. నేను పోయేసరికి గడప పక్కన కొబ్బరి బొండాల కుప్ప ఉంది. చూడవచ్చిన ప్రతి ఒక్కరూ బొండాలు తెస్తారు. రోగి ఇంటికి ఉత్త చేతులతో ఎవరు పోతారు? అయితే కిడ్నీ జబ్బుకు కొబ్బరి నీళ్లు విషంతో సమానమని డాక్టరు గట్టిగా చెప్పాడు. తెచ్చినవాళ్ల ముఖం చూసి వాళ్లమ్మ వద్దనలేకపోయేది.

"పేషెంటు నేను, బొండాలు తాగేది మా గల్లీ. పక్కింటోళ్ల ముఖాలు సూడు, ఎట్ల మెరుస్తున్నయో" అంది దోస్తు.

సన్నబడింది. ముఖం మాత్రం ఉబ్బి ఉంది. రోజుకు ఇన్నే తాగాలని డాక్టరు చెప్పిన నీళ్లు పొద్దునే ఒక సీసాలో పోసుకుని, మందులకూ దాహానికీ అవే వాడుకుంటోంది. నేను ఆమె ముందు నీళ్లు తాగలేక చెంబు పట్టుకుని బయటికి నడిచాను. "ఏయ్, గీన్నే తాగు. నువ్వు తాగుతుంటె సూసినా సల్లగుంటది" అని వెనక్కి పిలిచింది. తర్వాత ఎడమ చెయ్యి చాపింది. డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి నరాలు కలిపిన చోటు ఉబ్బుగా ఉంది. "ముట్టు." ముట్టాను. చర్మం కింద గర్రున అదురుతోంది. "నా బండి. ఎప్పుడూ స్టార్టింగ్‌ల్నే ఉంటది, గేరే పడ్తలేదు" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆమె నా నెత్తి మీద మొట్టింది.

అసలు సంగతి అన్నం తిన్నాక చెప్పింది. కిడ్నీ మారిస్తే బతుకు నిలుస్తుందని డాక్టర్లు అన్నారు. అమ్మకు షుగర్, ఆమె ఇవ్వడానికి లేదు. అక్క పాలిచ్చే తల్లి. నేను ఇస్తానని అంతకు ముందే అడిగి ఉన్నాను. నా రక్తం గ్రూపు పడదన్నారు. మిగిలింది నాన్న. ఆయన ఇస్తానంటున్నాడు. ఈమె వద్దంటోంది.

"మా నాయిన నడిచేటోడే. ఏడాదికి ఇంట్ల ఉండేది ఎన్ని దినాలు? గా మనిషిని కోసి నాకు పెట్టుకోవాల్నా? ఫోన్ల చెప్తే ఊ అంటడు, ఇనడు. రేపు నాకు మిషన్ లేదు. నన్ను ఆయన తాన్కి తోల్కపో. ముఖం మీద చెప్పొస్త. నువ్వు గూడ చెప్పు. సదువుకున్నదానివి, నీ మాట నమ్ముతడు."

"ఏమని చెప్పాలె?"

"నడీడు మనుషులయి పనికి రావని చెప్పు."

"అబద్ధం చెప్పను."

"అయితె ఊకో. గదన్న జెయ్యి."

వాళ్లమ్మ గిన్నెలు కడుగుతూ వింటోంది. ఒక పక్క భర్త, ఒక పక్క కూతురు. ఆమె ఎవరి వైపు మాట్లాడుతుంది?

గొర్రెల కాపరి దగ్గరికి పోవడం తేలిక కాదని మీలో కొందరికి తెలిసే ఉంటుంది. కోతలైన చేలల్లో ఎరువు కోసం రైతులు మందను పిలుస్తారు. ఒప్పుకున్నన్ని రాత్రులు గొర్రెలు ఆ చేనులోనే పడుకుంటాయి. తర్వాత ఇంకో చేను. అందుకు రైతులు జొన్నలో వడ్లో ఇస్తారు. కాబట్టి ఆయనను వెతకాలంటే ఊరు అడిగితే చాలదు, ఎవరి చేనులో మంద పడిందో అడగాలి. మర్నాడు పొద్దున ధారూర్ వైపు పోతూ నాలుగైదు చోట్ల బండి ఆపాం. దోస్తు నా నడుము పట్టుకుని, సూదుల చెయ్యిని చున్నీలో చుట్టుకుని, వెనక నుంచే అందరినీ పలకరించింది. "ఓ పెద్దమ్మా, మా నాయిన మంద యాడ వడ్డది?" ఆ పెద్దమ్మ మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, "గా చెరువు మీది చేన్ల. గీ బండి నడిపే పోరి ఎవరి బిడ్డ? భయం లేదా?" అంది. "భయం నాకే ఉన్నది పెద్దమ్మా, ఎన్క కూసున్న గద" అంది దోస్తు.

మంద దూరం నుంచే కనిపించింది. కందికట్టె కుప్పల నడుమ గొర్రెలు, వాటి వెనక భుజాన గొంగడితో కాక. ఆమె తండ్రిని నేను కాక అనే పిలుస్తాను. దోస్తు బండి దిగి నాలుకతో ఆ చప్పుడు చేసింది. ముందున్న గొర్రెలు తలలెత్తాయి. కొన్ని నేరుగా వచ్చి ఆమె చున్నీ వాసన చూశాయి. కాక నవ్వలేదు, పలకరించలేదు. గొంగడి తీసి నేల మీద పరిచి, "కూసో బిడ్డ. ఎండ తగుల్తది" అన్నాడు. పాల గిన్నె తెచ్చి కూతురి చేతికిచ్చాడు. ఆమె ఒక్క గుటక తాగి నాకు అందించింది. ఆయన చూశాడు. ఎందుకని అడగలేదు.

"నాయినా, నీది నాకొద్దు" అంది. ఇంకేమీ ముందు చెప్పకుండా అదే మాట.

"ఏది?"

"నీకెర్కనే."

ఆయన బీడీ తీశాడు, వెలిగించలేదు. "గొర్రెకు కడుపుబ్బితె ఏం పొయ్యాల్నో నాకెర్క. కాలిరిగితె బద్ద కడ్త. నీకేం జెయ్యాల్నో ఎవ్వలు చెప్పలే. చెప్పిన్రు గీ ఒక్కటి. గదిగూడ వద్దంటవ్."

"నువ్వు వడిపోతె మందను ఎవరు సూస్తరు?"

"నువ్వు లేకపోతె ఎవరికి సూసుడు?"

ఆమె నా వైపు చూసింది. కాక కూడా నా వైపు తిరిగాడు. "బిడ్డా, నువ్వు సదువుకున్నవ్. ఉన్నది ఉన్నట్టు చెప్పు. నాదిస్తె ఇది బతుకుతదా?"

నేను డాక్టర్‌ను కాను. ఫోన్‌లో చదివినవి, ఆసుపత్రిలో విన్నవి మాత్రమే తెలుసు. కానీ వాళ్లిద్దరి కన్నా నాలుగు అక్షరాలు ఎక్కువ తెలిసిన మనిషి ఆ చేనులో నేనే. "అన్ని కలిస్తె బతుకుతది కాకా. ఇచ్చినోళ్లు గూడ మంచిగనే ఉంటరట. జర పైలంగ ఉండాలె, అంతే" అన్నాను.

దోస్తు తల దించుకుంది. గొంగడి వెంట్రుకలు పీకుతూ కూర్చుంది. కాక ముఖం మాత్రం తేటపడింది. "ఇన్నవా?" అన్నాడు కూతురితో.

తర్వాత ఆయన చెప్పింది కూడా నాకు తప్పుగా అనిపించలేదు. శివరాత్రి దాకా మంద పెడతానని రైతులకు మాట ఇచ్చాడు. కొందరు ముందే జొన్నలు ఇచ్చారు, ఇంట్లో అవే తింటున్నారు. "మజ్జెల ఒకపాలి వచ్చి నెత్తురు ఇచ్చి పోత. ఆపరేషన్ కోతకు మాత్రం గీ చేన్లు ఒడిసినంక వస్త. మాటిచ్చి మందను తిప్పుకపోతె మళ్ల ఎవరు పిలుస్తరు? శివరాత్రి ఎంత దూరం బిడ్డ?" నిజమే, ఎంతో దూరం లేదు. మేం ఇద్దరం తలూపాం. ఏ కాపరి అయినా అదే అంటాడు, ఏ కాపరి కూతురైనా అలాగే తలూపుతుంది.

తిరుగు దారిలో దోస్తు నా హెల్మెట్ మీద వేలితో కొట్టింది. "నిన్ను ఎందుకు తెచ్చిన, నువ్వేం జేసినవ్?" అంది. గొంతులో కోపం లేదు. కాసేపాగి, "మా నాయిన ముఖం సూసినవా? పెండ్లి కుదిరినట్టు" అంది. ఆ తర్వాత తాండూరు వచ్చేదాకా నా వీపుకు తల ఆనించి పడుకుంది. ఆమె బరువు నాకు దాదాపు తెలియలేదు. అదే నన్ను భయపెట్టింది.

మర్నాడు ఆసుపత్రి గేటు దగ్గర దింపి నేను కర్ణాటకలోకి, సేడం దారి పట్టాను. ఆమె లోపలికి పోకుండా నేను మలుపు తిరిగేదాకా నిలబడింది.

రోజూ ఫోన్ చేసేది. షోలాపూర్‌లో ఏం తిన్నావు, గుజరాత్‌లో రోడ్లెట్లున్నాయి, సముద్రం కనిపించిందా. ఒకరోజు, "నాయిన వచ్చి పోయిండు. నెత్తురు కలిసిందంట" అంది. అప్పటి నుంచి ఆమె మాటల్లో 'ఆపరేషన్ అయినంక' అన్న మాట మొదలైంది. ఆపరేషన్ అయినంక ముందు చెంబెడు నీళ్లు గటగటా తాగుత. ఆపరేషన్ అయినంక షోరూంల గా ఎర్ర బండి ఉన్నదో లేదో సూడాలె. నాయినను ఒక ఏడు నడవనియ్యను, ఎన్క కూసోబెట్టుకుని నేనే తోల్కపోత మంద కాడికి. బతకాలని ఆమె ఒప్పుకున్నది ఆ వారంలోనే. ఆమె గొంతులో ఆ ఆశ విన్నప్పుడు నేను ఎడారి మధ్య బండి ఆపి ఒక్కదాన్నే గట్టిగా అరిచాను, సంతోషంతో.

శివరాత్రికి ఇంకా కొన్ని రోజులుండగా జ్వరం వచ్చింది.

బండిని ఆ బంకు దగ్గరి ఊళ్లో ఒక లాడ్జి వాళ్ల దగ్గర వదిలి రైలెక్కాను. తాండూరు చేరేసరికి అంతా అయిపోయింది. వాళ్లమ్మ నన్ను పట్టుకుని ఏడవలేదు. నేనే ఏడ్చాను. "ఏమన్న తిన్నవా?" అని అడిగింది. గది మూలన కొబ్బరి బొండాలు ఇంకా ఉన్నాయి.

ఆసుపత్రికి పోయి డాక్టర్‌ను అడిగాను. సూదుల చోటు నుంచి రక్తంలోకి చీము పాకిందని, ఆపరేషన్‌కు ఇంకా హైదరాబాద్‌లో చాలా పరీక్షలు, అనుమతులు ఉండేవని, నెత్తురు కలిసిన మర్నాడే వాళ్ల నాన్న చేలు వదిలి వచ్చినా తేడా ఉండేది కాదని చెప్పాడు. మంచి మనిషి, కూర్చోబెట్టి ఓపికగా చెప్పాడు. నేను తలూపుతూ విన్నాను. చదువుకున్నదాన్ని కదా, అన్నీ అర్థమయ్యాయి. అర్థమైతే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

కాక ఇంట్లో లేడు. మట్టి చేసిన మూడోనాడు కార్యం కాగానే మంద దగ్గరికి పోయాడట. ఒప్పుకున్న చేనొకటి మిగిలి ఉంది. పాలివాళ్లు తాము చూసుకుంటామన్నా వినలేదట.

బస్సు దిగి, అడుగుతూ నడిచాను. ఆయన నన్ను చూసి గొంగడి పరిచాడు. పక్కన కూర్చుని, డాక్టర్ చెప్పినదంతా మెల్లగా చెప్పాను. నువ్వు ఆ మర్నాడే వచ్చినా ఇంతే జరిగేదట కాకా అన్నాను. విన్నాడు. నమ్మాడో లేదో తెలియదు. మేస్తున్న గొర్రెలను చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి ఆయన ఎడమ చెయ్యి పక్కటెముకల కింద, అంగీ మీద ఆని ఉండడం గమనించాను.

"కాకా, నొస్తుందా?"

"లేదు బిడ్డ. గీన్నే ఉంటదట. నెత్తురిచ్చిన నాడు టీవీల సూపెట్టిండు డాక్టరు. మస్తుగున్నది, నీ బిడ్డకు ముప్పై ఏండ్లు నడుస్తదన్నడు."

పొద్దు వాలింది. మంద కదిలింది. ఆయన లేచి గొంగడి దులిపి భుజాన వేసుకున్నాడు. కుడి చేత్తో కర్ర పట్టుకుని గొర్రెల వెనక నడిచాడు. ఎడమ చెయ్యి అక్కడే ఉంది. దుమ్ములో ఆయన చిన్నగా అయిపోయేదాకా చూస్తూ నిలబడ్డాను. ఆ చెయ్యి ఆయన తీయలేదు.